ఏమీ రాయని చీటీ

మాస్టారు పోయారు. పోయిన నెలలో ఒక మంగళవారం పొద్దున పదింటికి లైబ్రరీలో నా బల్ల మీద ఫోన్ మోగింది. చేసింది ఆయన భార్య. మేమంతా ఆవిడను అమ్మగారు అంటాం. "మాస్టారు లేవలేదమ్మా" అన్నారు. నాకు వెంటనే వెలగలేదు. "ఒంట్లో బాగాలేదేమోనండీ, పడుకోనివ్వండి. ఇక్కడ నేను చూసుకుంటాను" అన్నాను. ఆవిడ "ఇంక లేవరమ్మా" అన్నారు. ఫోన్ పెట్టేశాక ఏం చేయాలో తోచక, ముందు తెరిచి ఉన్న పుస్తకంలో ఒక కాగితం ముక్క పెట్టి మూసి లేచాను. ఎంత తొందరలో ఉన్నా చదువుతున్న చోటు పోగొట్టుకోకూడదని ఆయన నేర్పిన అలవాటు అది.

ఈ పత్రిక చదివేవాళ్లలో డెట్రాయిట్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకు ఆయన పాటల మాస్టారుగా తెలుసు. ఫార్మింగ్టన్ హిల్స్‌లో అమెరికన్ల చర్చి బేస్‌మెంట్‌లో ఆదివారం మధ్యాహ్నం మన తెలుగు ఆరాధన జరుగుతుంది కదా, అక్కడ హార్మోనియం ముందు స్వెటర్ వేసుకుని కూర్చునే ఆయన. జూన్‌లో కూడా ఆ స్వెటరే. ఫ్రీవే ఎక్కకుండా సందుల్లో పడి వచ్చి, అందరికన్నా ముందే చేరేవారు. మిగతా రోజుల్లో ఆయన ఏం చేసేవారో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్లు కూడా "ఏదో లైబ్రరీలో జాబ్" అని ఊరుకునేవారు. ఆ జాబ్ గురించి చెప్పడానికే ఇది రాస్తున్నాను. గొప్పలు పోవడానికి ఏమీ లేదు, నాకు ఓపికా లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఆయన గుంటూరు దగ్గర ఒక మిషన్ కాలేజీలో చరిత్ర చెప్పేవారు. లాటిన్ బాగా వచ్చు. అమెరికా వచ్చి, పాస్టర్లను తయారుచేసే ఒక సెమినరీ లైబ్రరీలో పాత పుస్తకాల గదికి పెద్దగా చేరారు. గదికి పెద్ద అంటే ఆ గదిలో ఉన్నది ఆయన ఒక్కరే. కార్ల కంపెనీలో మా ఆయనకు లే ఆఫ్ అయిన ఏడాది, డెబ్బై తొమ్మిదిలో, నేను వెళ్లి చేరాక ఇద్దరమయ్యాం. నాకు ఆ పని మీద ప్రేమ లేదు. ఇల్లు గడవాలి, అంతే.

ఆ గదిలో ఒక గోడంతా ఒకే మనిషి సొత్తు. నాలుగున్నర వందల ఏళ్ల క్రితం, యూరప్‌లో అచ్చుయంత్రం ఇంకా కొత్తగా ఉండి, పుస్తకాలూ బొమ్మలూ ఊరూరా తిరుగుతున్న రోజుల్లో, జర్మన్ మాట్లాడే ఒక చిన్న పట్నంలో ఒక ఫాదరుగారు ముచ్చటపడి పోగుచేసుకున్నవి. పందితోలు అట్టలు వేసిన మంచి మంచి పుస్తకాలు. వాటితోబాటు పెట్టెల నిండా అచ్చుబొమ్మలు. కొన్ని చెక్క మీద చెక్కి ఒత్తినవి, కొన్ని రాగిరేకు మీద గీసి తీసినవి. అన్నీ దేవుడి బొమ్మలేమో అనుకున్నాను. పెళ్లిలో తాగి గంతులేసే రైతులు, ముక్కు చీదుకుంటున్న ముసలమ్మ, కుందేళ్లు, కుండలు, ఏది పడితే అది.

"గుడి చూసుకునే ఆయనకి ఇంత బొమ్మల పిచ్చేంటి మాస్టారూ?" అని అడిగాను.

"పెళ్లాం లేదు కదమ్మా, అడిగేవాళ్లెవరు?" అన్నారు. ఎప్పుడూ 'మన ఫాదరుగారు' అనే అనేవారు, పక్కింటాయన గురించి చెప్పినట్టు.

ఈ ఫాదరుగారికి ఒక పద్ధతి ఉండేది. పుస్తకం చదువుతూ, ఈ మాటకు నా దగ్గర ఫలానా బొమ్మ ఉందే అని తోచినప్పుడు, వేలెడు కాగితం చించి, దాని మీద ఆ బొమ్మ పేరు ఒకటి రెండు మాటల్లో రాసి, ఆ పేజీలో పెట్టేవాడు. బొమ్మ పెట్టెలో ఉంటుంది, మాట పుస్తకంలో ఉంటుంది, రెంటినీ కలిపేది ఆ చీటీ. ఏ మాటకు ఆయన మనసు ఏ బొమ్మ మీదికి పోయిందో తెలియడానికి వేరే దారి లేదు. ఆ చీటీలు అన్ని వందల ఏళ్లు, అన్ని చేతులు మారినా, పెట్టినచోటే ఉన్నాయి. నేను వచ్చేదాకా.

చేరిన మూడో వారంలో మాస్టారికి ఫ్లూ వచ్చి వారం రోజులు రాలేదు. వెళ్తూ వెళ్తూ, "కింది రెండు అరలూ దుమ్ము దులుపమ్మా" అన్నారు. నేను మిషన్ హాస్టల్లో పెరిగినదాన్ని. శనివారం శనివారం లైబ్రరీ పుస్తకాలు దులపడం అక్కడ ఆడపిల్లల పని. మా వార్డెనమ్మ నేర్పిన పద్ధతి ఏమిటంటే, పుస్తకాన్ని వీపు దగ్గర పట్టుకుని తలకిందులు చేసి మూడుసార్లు విదిలించాలి. బస్సు టిక్కెట్లు, నెమలీకలు, ఎండుటాకులు ఏవి రాలినా ఏరెయ్యాలి. ఒకరి చేతికి ఇచ్చే పుస్తకంలో ఇంకొకరి చెత్త ఉండకూడదు, శుభ్రంగా ఇవ్వడమే మర్యాద. నేనూ అలాగే విదిలించాను. నాలుగు రోజులు, రెండు అరలు. మాసిపోయిన కాగితం ముక్కలు రాలుతూనే ఉన్నాయి. వాటి మీద కోడి గీతలు. పారేయలేదు. కాగితం చెత్తలో వేయడం మా ఇంటావంటా లేదు. ఖాళీ బిస్కెట్ల డబ్బాలో వేసి మూతపెట్టాను. గర్వంగానే పెట్టాను, దాచడమెందుకు.

సోమవారం మాస్టారు మఫ్లర్ చుట్టుకుని వచ్చారు. అరలు చూసి, "అద్దంలా ఉన్నాయే" అన్నారు. నేను డబ్బా చూపించాను. మూత తీసి చూసి కుర్చీలో కూర్చున్నారు.

"ఇవి ఏ పుస్తకంలోవమ్మా?"

"అన్నిట్లోవీనండీ."

"ఏ పేజీలో ఏది ఉందో..."

"రాసుకోలేదండీ."

కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. ఆ చీటీలేమిటో అప్పుడు చెప్పారు, మెల్లగా, పాఠం చెప్పినట్టు. ఒకటా రెండా, నూట నలభై రెండు చీటీలు. నాలుగు వందల ఏళ్ల పనిని నాలుగు రోజుల్లో ఊడ్చేశాను. ఈ ఉద్యోగం కూడా పోతే ఇంటికెళ్లి మా ఆయన మొహం ఎలా చూడాలి అని కూడా అనుకున్నాను. ఆయన టీ చల్లారిపోయింది. దాన్ని అలాగే తాగేసి అన్నారు, "కాగితం ఎక్కడికీ పోలేదమ్మా. చోటే పోయింది. చోటు వెతుకుదాం."

ఆ మధ్యాహ్నమే డైరెక్టర్ దగ్గరికి వెళ్లారు. నేను తలుపు బయటే ఉన్నాను. దులపమని చెప్పింది తనేనని, ఎలా దులపాలో చెప్పకపోవడం తన తప్పని, అమ్మాయిది ఏమీ లేదని ఇంగ్లీషులో ఒకటికి రెండుసార్లు అన్నారు. తరువాత ఏడాది ఆయనకు రావలసిన పై పోస్టు వేరే ఆయనకు వెళ్లింది. ఎందుకు వెళ్లిందో నాకు ఇంకెవరో చెబితే తెలిసింది. ఆయన నోట ఎన్నడూ రాలేదు.

మొదటి చోటు దొరకడానికి అయిదు వారాలు పట్టింది. ఆ కాలపు సిరాలో ఇనుము ఉంటుందట. ఏళ్ల తరబడి ఆనుకుని ఉంటే ఎదుటి కాగితాన్ని మెల్లగా కాలుస్తుంది. చీటీ తీసేసినా, దాని మీది మాట ఎదుటి పేజీలో లేత గోధుమరంగులో, తిరగబడి, నీడలా మిగులుతుంది. మామూలుగా చూస్తే కంటికి ఆనదు. తెరలు వేసి, పక్కనుంచి టార్చి కొట్టి, నా హ్యాండ్‌బ్యాగులోని పౌడరు డబ్బా అద్దంలో చూడాలి. అప్పుడు ఒక్కో చీటీ తీసి పోల్చుకోవాలి. వారంలో పనివేళల్లో ఇది కుదరదని డైరెక్టర్ అన్నాడు. అందుకని శనివారాలు పెట్టుకున్నాం. అన్నాలు తిన్నాక రెండు గంటలు. తొమ్మిదేళ్లకు పైగా.

చెప్పుకోవడానికి ఒక్క మాటలో అయిపోయింది. చేస్తుంటే తెలుస్తుంది. పేజీ, టార్చి, అద్దం, ఏమీ లేదు. మళ్లీ పేజీ. మంచులో కారు తవ్వుకుని వచ్చి, ఏమీ దొరక్క, మళ్లీ మంచులో కారు తవ్వుకుని వెళ్లిన శనివారాలు లెక్కలేనన్ని. ఒక చలికాలం మొత్తం ఒక్క చోటు కూడా దొరకలేదు. "మాస్టారూ, నా వల్ల కాదు" అని టార్చి పక్కన పెట్టేశాను. "నా వల్లా కావట్లేదమ్మా. ఈ పేజీ అయ్యాక ఇద్దరం కలిసి చెప్పుకుందాం" అన్నారు. ఆ పేజీ అయ్యాక ఇంకో పేజీ తిప్పారు. ఆయన చేతులు కడుక్కోవడం కూడా ఒక తంతు. పెరుగన్నంలోకి ఆవకాయ లేకపోతే ముద్ద దిగదు, కానీ తిన్నాక మూడుసార్లు సబ్బు పెట్టాల్సిందే. "ఆవకాయ మరక మన ఇద్దరికన్నా ఎక్కువ కాలం బతుకుతుంది" అని నా చేతులు కూడా వాసన చూసేవారు.

దొరికిన రోజున మాత్రం అన్నీ మరిచిపోయేవాళ్లం. 'పంది' అని రాసిన చీటీ ఒకటి ఉండేది. పెట్టెలో ఆ బొమ్మ ఉంది, బురదలో పొర్లుతూ నవ్వుతున్నట్టున్న బలిసిన పంది. దాని చోటు ఎక్కడ దొరికిందనుకున్నారు? ఉపవాసం గొప్పతనం గురించి రాసిన పుస్తకంలో, సరిగ్గా నడిమధ్యన. "పాపం, ఆకలేసి ఉంటుంది ఫాదరుగారికి" అన్నారు మాస్టారు. నేను నవ్వలేక పొట్ట పట్టుకున్నాను. ఇంకోటి 'పడవ'. చావుబతుకుల్లో ఉన్నవాళ్ల పక్కన కూర్చుని ఏం మాట్లాడాలో నేర్పే పుస్తకంలో దొరికింది. బొమ్మ తెచ్చి చూస్తే, ఒడ్డున కట్టేసిన పడవ, అందులో ఎవరూ లేరు. ఆ రోజు ఆయన నవ్వలేదు. బొమ్మను చాలాసేపు చూసి పెట్టెలో పెట్టేశారు.

ఫాదరుగారి జబ్బు మాస్టారికీ అంటుకుందని అమ్మగారు ఆడిపోసుకునేవారు. ఆయన పాటల పుస్తకం చూసినవాళ్లకు తెలుస్తుంది. ఎవరి ఇంట్లో పుట్టుకైనా, పెళ్లయినా, ఆపరేషన్ అయినా, చావైనా ఒక పాట అడుగుతారు కదా. ఆ పాట పాడిన రోజున, సరుకుల బ్రౌన్ సంచీ కత్తిరించి, ఆ మనిషి పేరు రాసి ఆ పేజీలో పెట్టేవారు. తరువాత ఎప్పుడు ఆ పాట వచ్చినా ముందు చీటీ చూసి, ఆ మనుషులు ఎక్కడ కూర్చున్నారో తలెత్తి చూసి, అప్పుడు మొదలుపెట్టేవారు. ఇక్కడ పుట్టిన పిల్లలకు ఇదంతా విసుగు. "అంకుల్, ఎందుకు ఆల్వేస్ పేపర్ చూస్తారు? మీకు సాంగ్ నంబర్ తెలుసు కదా" అని ఒక పిల్ల నిలదీసింది. "నంబరు తెలుసు నాన్నా. ఎవరి పాటో చూసుకుంటున్నా" అన్నారు.

ఆ సంచీ కాగితం చూస్తే నాకు ఒళ్లు మండేది. ఒకసారి అడిగేశాను. "మాస్టారూ, ఇలాంటి కాగితం పుస్తకానికి మరక చేస్తుందని నాకు చెప్పింది మీరే కదా?"

"చెయ్యనీ అమ్మా. రేపెప్పుడైనా చీటీ పోయినా మరకైనా ఉంటుంది" అన్నారు.

నన్ను దెప్పుతున్నారేమో అనుకుని ముఖం ముడుచుకున్నాను. ఆయన నన్ను దెప్పలేదు. ఆయనకు ఆ అలవాటే లేదు.

ఇది రాయకుండా తప్పించుకుందామని చూశాను, కుదరడం లేదు. ఎనభై మూడు ఫిబ్రవరిలో నాకు నెలలు నిండి, పుట్టకముందే బిడ్డ పోయింది. ఆడపిల్ల. పేరు పెట్టలేదు. ఆస్పత్రి కాగితంలో పేరు ఉండాల్సిన చోట గీత గీశారు. శ్మశానానికి వెళ్లింది నలుగురం, మేమిద్దరం, మాస్టారు, అమ్మగారు. నేల గడ్డకట్టి ఉంది. "ఏ పాట పాడమంటావమ్మా?" అని అడిగారు మాస్టారు. "ఏ పాటా వద్దు" అన్నాను. కోపంగానే అన్నాను, ఎవరి మీద కోపమో తెలియదు. ఆయన సరేనని తలూపి, పుస్తకం తెరవకుండా చంకలో పెట్టుకుని నిలబడ్డారు. మట్టి వేస్తుండగా చూస్తే ఆయన పెదవులు కదులుతున్నాయి. గాలికి నాకేమీ వినబడలేదు. ఏం పాడారని అప్పుడూ అడగలేదు, తరువాతా అడగలేదు. అడగాలని మాత్రం ఎన్నిసార్లు అనిపించిందో.

మూడు వారాల తరువాత శనివారం లైబ్రరీకి వెళ్లాను. మాస్టారు ఎలా ఉన్నావని అడగలేదు, దేవుడి చిత్తమనీ అనలేదు. ఆ మాట అనని మనిషి ఆ నెలలో ఆయన ఒక్కరే. "ఇవాళ నలభై పేజీలు చూద్దామమ్మా" అని టార్చి నా చేతికిచ్చారు. నేను ఏడుస్తూనే అద్దం పట్టుకున్నాను. అద్దం మసకబారినప్పుడల్లా ఆయన జేబురుమాలు ఇచ్చేవారు, అద్దం తుడవడానికన్నట్టు.

పోయినేడు నాటికి నూట నలభై ఒక్క చీటీలు వాటి చోట్లకు చేరాయి. ఒక్కటి మిగిలింది. దాని మీద ఏమీ రాసి లేదు. సిరా లేదు కనుక నీడ లేదు, వెతకడానికి ఆధారం లేదు.

"రాయడం మరిచిపోయి ఉంటాడు" అన్నాను నేను.

"మరిచిపోయేవాడు చీటీ ఎందుకు చించుతాడమ్మా? ఆ బొమ్మకి పేరు లేదేమో. పెట్టినవాడికి తెలుసులే" అన్నారు.

ఏ చీటీ ఏ పేజీదో చూపే కేటలాగు అచ్చయింది. చివరి వరుసలో ఆయన రాసింది ఇంతే, ఖాళీ చీటీ, చోటు తెలియదు. ముందుమాట డైరెక్టర్ రాసుకున్నాడు. అందులో 'మా సిబ్బంది' అని ఒక మాట ఉంది. ఆ సిబ్బంది ఈయనే.

సమాధి కార్యక్రమం అయిన పదో రోజు అమ్మగారిని చూడడానికి వెళ్లాను. కాఫీ ఇచ్చి, లోపలికి వెళ్లి, ఉతికిన తువ్వాలులో చుట్టిన పాటల పుస్తకం తెచ్చి నా ఒళ్లో పెట్టారు.

"నీకే ఇమ్మనేవారమ్మా. నీ చేతికిచ్చేది శుభ్రంగా ఉండాలి కదా అని, అట్ట తుడిచి, లోపలి చెత్తంతా దులిపేశాను. ఎన్ని చీటీలనుకున్నావు. తలకిందులు చేసి విదిలిస్తే గాని పోలేదు."

ఆవిడ నా ముఖం చూసి, "తప్పు చేశానా?" అన్నారు.

"లేదండీ. అద్దంలా ఉంది" అన్నాను. "ఆ చీటీలు ఏం చేశారు?" అని అడిగాను.

"కాగితం పారేస్తామా తల్లీ. అదిగో, బ్రెడ్ కవర్లో వేసి పెట్టాను."

ఆ కవరు తెచ్చుకున్నాను. శనివారం అన్నాలు తిన్నాక, మూడుసార్లు చేతులు కడుక్కుని, వంటింటి బల్ల దగ్గర కూర్చున్నాను. టార్చి అవసరం లేకపోయింది. సంచీ కాగితం తన పని తాను చేసింది. చీటీ ఉన్న ప్రతిచోటా అంతే పొడవు, అంతే వెడల్పు గోధుమరంగు మరక ఉంది. కత్తెర వంకర పోయిన చోట మరక కూడా వంకర పోయింది. పేర్లన్నీ తెలిసిన పేర్లే, కాబట్టి నాలుగు శనివారాల్లో అన్నీ అయిపోయాయి. కవర్లో ఒకటి మిగిలింది. ముందూ వెనకా తిప్పి చూశాను. ఏమీ రాయలేదు.

పుస్తకంలో ఒక్క మరకే ఖాళీగా ఉంది. పసిబిడ్డను మొదటిసారి గుడికి తెచ్చినప్పుడు, తల్లి ఒళ్లో ఉండగానే మాస్టారు పాడే పాట ఉంది చూడండి, స్వాగతం చెప్పే పాట, ఆ పేజీలో. మన సంఘంలో పుట్టిన పిల్లల పేర్లన్నీ అక్కడ వరసగా ఉన్నాయి, పుట్టిన వరసలో. ఎనభై రెండులో పుట్టిన పిల్లాడి చీటీకీ, ఎనభై నాలుగులో పుట్టిన పిల్ల చీటీకీ మధ్యన వేలెడు మరక.

ఆ ఖాళీ చీటీని అక్కడ పెట్టాను. సరిగ్గా పట్టింది. పుస్తకం మూశాక, పిల్లలందరి చీటీల కొసలూ పైకి కనబడుతున్నాయి, దానిది కూడా, వాటి మధ్యన.